మంచినీటి సంపద – పరాయి జీవులు – మన బాధ్యత

(ఖరగ్‌పూర్‌లో జరిగిన కార్మిక విద్యా శిబిరంలో సమాఖ్య నాయకులొకరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ శిబిరంలో నాకు కేటాయించిన విషయం వినగానే మీలో కొందరు పరస్పరం చూసుకున్నారు. నిన్నటి ఉపన్యాసం పింఛను గురించి, రేపటిది ఖాళీల భర్తీ గురించి. మధ్యలో ఈ చెరువులు, చేపలు, నాచు మొక్కల ప్రసంగమేమిటన్న సందేహం సహజమే. ముప్పై సంవత్సరాల క్రితం ఆర్.ఎం.ఎస్.లో సార్టింగ్ అసిస్టెంటుగా చేరిన నాడు నన్నెవరైనా ఈ విషయంపై మాట్లాడమంటే నేనూ నవ్వి ఊరుకునేవాడిని. ఈ ఉదయం మీరు బండిలో వస్తూ కిటికీలోనుంచి ఏమి చూశారో ఒక్కసారి గుర్తుకు తెచ్చుకోండి. కట్టకు ఇరువైపులా గోతులు, ఆ గోతులనిండా పచ్చని ఆకులు, ఊదారంగు పూలు. చూడటానికి ఎంతో అందంగా ఉంటాయి. మన తెలుగువారు గుర్రపు డెక్క అంటారు. ఇక్కడి బెంగాలీ సోదరులు కచురిపానా అంటారు. ఆ మొక్క ఈ దేశానిది కాదు. ఆ గోతులు మాత్రం మన రైలు కట్ట కోసం తవ్వినవి. కాబట్టి ఈ కథలో మన శాఖ ఆది నుంచీ ఒక పాత్రధారి. అందుకే ఈ విషయం మన శిబిరంలో చర్చకు రావటం సముచితమే.

ముందుగా నష్టం ఎంత పెద్దదో చూద్దాం. నదులు, సరస్సులు, చెరువులు, మాగాణి బురదనేలలు అన్నీ కలిపినా మంచినీరు ఆక్రమించే స్థలం భూతలంలో అత్యల్ప భాగం. నదులు, సరస్సులు మాత్రమే లెక్కిస్తే ఒక శాతం కూడా ఉండదు. అయినా ప్రపంచంలో తెలిసిన చేపజాతులలో దాదాపు సగం ఆ కొద్దిపాటి నీటిలోనే జీవిస్తున్నాయి. ఇంత చిన్న ఇంటిలో ఇంత పెద్ద కుటుంబం మరెక్కడా లేదు. ఆ ఇల్లే ఇప్పుడు కూలుతున్నది. 2025 జనవరిలో నేచర్ పత్రికలో వెలువడిన పరిశోధన ఒకటి 23 వేలకు పైగా మంచినీటి జీవజాతులను పరిశీలించి, వాటిలో నాలుగింట ఒక వంతు అంతరించే ప్రమాదంలో ఉన్నదని తేల్చింది. కాలుష్యం, ఆనకట్టలు, నీటి తోడివేత, వ్యవసాయ విస్తరణ, మితిమీరిన వేట ఇందుకు కారణాలు. వాటి సరసన నిలిచే మరొక కారణం పరాయి జీవుల దండయాత్ర. జీవవైవిధ్యంపై పనిచేసే అంతర్ ప్రభుత్వ శాస్త్ర వేదిక 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం, మానవుని చేతుల మీదుగా కొత్త ప్రదేశాలకు చేరి స్థిరపడిన జీవజాతులు 37 వేలకు పైగా ఉన్నాయి. వాటిలో హాని చేస్తున్నట్లు రుజువైనవి 3,500కు పైగా ఉన్నాయి. వాటన్నింటిలో అత్యంత విస్తారంగా వ్యాపించినదిగా ఆ నివేదిక పేర్కొన్నది మన కిటికీలోనుంచి కనబడే గుర్రపు డెక్కనే.

"మానవుని చేతుల మీదుగా" అన్న మాటను మీరు ప్రత్యేకంగా గమనించాలని కోరుతున్నాను. మొక్కకు కాళ్లు లేవు. చేప సముద్రాన్నీ పర్వతాన్నీ దాటి మరో నదికి పోలేదు. వాటిని ఎవరో మోశారు. మోయటం, చేరవేయటం మన వృత్తి.

గుర్రపు డెక్క పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతం. పూల అందానికి మురిసి తోటల యజమానులు, సంపన్నులు దానిని పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగంలో దేశదేశాలకు తీసుకొనిపోయారు. బెంగాలుకు ఆ శతాబ్దం ముగిసేలోపే చేరింది. మొదటి ప్రపంచయుద్ధం నాటికి తూర్పు బెంగాల్ వాగులు, బీళ్లు, వరిచేలు దాని కింద మునిగిపోయాయి. శత్రువే దీనిని పంపి ఉంటాడన్న అనుమానంతో జనం దానికి జర్మన్ పానా అని పేరు పెట్టారు.

అది అంత వేగంగా ఎలా పెరిగింది? చక్రవడ్డీ లెక్క తపాలా సోదరులకు నేను చెప్పనవసరం లేదు. అనుకూలమైన నీటిలో ఈ మొక్క సుమారు రెండు వారాలలో రెట్టింపవుతుంది. పది మొక్కలతో మొదలుపెట్టి పక్షానికొకసారి రెట్టింపు చేస్తూ పోండి. ఎనిమిది మాసాలు నిండేలోపే ఆరున్నర లక్షలు దాటుతాయి. ఏ పొదుపు పత్రానికీ ఇంత రాబడి లేదు. పైగా దాని విత్తనాలు బురదలో సంవత్సరాల తరబడి జీవం కోల్పోకుండా పడి ఉంటాయి. ఒక ఏడు మొత్తం పీకివేసినా మరుసటి ఏడు మళ్లీ మొలుస్తుంది.

ఆ చాప నీటిని కప్పగానే లోపల ఏమి జరుగుతుందో గమనించండి. వెలుతురు లోపలికి దిగదు. వెలుతురు లేనిదే నీటిలోని సూక్ష్మమైన పచ్చనాచు పెరగదు. నాచు లేనిదే దానిని తిని బ్రతికే చిన్న ప్రాణులుండవు, అవి లేనిదే చేపపిల్లకు మేతలేదు. పైన ఆకులు కుళ్లి కిందికి జారుతూ ఉంటే, ఆ కుళ్లు నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది. శీలావతి, బొచ్చె వంటి చేపలు ఉక్కిరిబిక్కిరై చస్తాయి. గాలి పీల్చగలిగిన కొరమీను, ఇంగిలాయి మరి కొంతకాలం తట్టుకుంటాయి. చేపజాతులు ఒక్కొక్కటిగా తరిగిపోయి, నాలుగైదు మొండి రకాలు మిగిలిన నీటికి జీవమున్నా వైవిధ్యం పోయినట్లే. అంతటితో ఆగదు. ఈ మొక్కల వేళ్లను అంటిపెట్టుకొని పెరిగే మాన్సోనియా జాతి దోమలు కేరళ తీరంలో ఏనుగుకాలు వ్యాధిని వ్యాపింపజేశాయి. పడవ కదలదు, వల పడదు, కాలువ పారదు. ఒక్క మొక్క మూలంగా జాలరి, రైతు, రోగి ముగ్గురూ నష్టపడ్డారు.

ఇప్పుడు మన శాఖ పాత్ర విషయానికి వస్తాను. ఇది కొంత చేదు విషయం, అయినా దాచటం న్యాయం కాదు. బెంగాల్ డెల్టాలో నీరు వర్షాకాలంలో విశాలంగా పరుచుకొని పారటం ప్రకృతి నియమం. ఆ ప్రవాహానికి అడ్డంగా ఆనాటి రైలు కంపెనీలు ఎత్తైన కట్టలు వేశాయి. ఖర్చుకు వెనుదీసి తూములు, వంతెనలు చాలినన్ని పెట్టలేదు. బెంగాల్ ప్రజారోగ్య శాఖ డైరెక్టరుగా పనిచేసిన సి.ఎ. బెంట్లీ, రైలు కట్టలు, రోడ్డు కట్టలు వరదనీటిని నిలవేసి మలేరియాను పెంచుతున్నాయని ఆ రోజులలోనే వాదించాడు. 1925లో ఆ వాదంతో గ్రంథమే వెలువరించాడు. పారే నీరు గుర్రపు డెక్కను కడలికి తరిమివేస్తుంది. నిలిచిన నీరు దానికి నారుమడి. కట్ట పక్కని మట్టిగోతులు అలా నారుమళ్లయ్యాయి. ఆ చరిత్రను తవ్వి తీసిన ఇఫ్తేఖార్ ఇక్బాల్ వంటి పరిశోధకులు ఈ సంబంధాన్ని విపులంగా చూపించారు.

మరి ప్రభుత్వం ఏమి చేసింది? 1921లో జగదీశ్ చంద్రబోసు అధ్యక్షతన సంఘాన్ని నియమించింది. మొక్కను నాశనం చేయాలా, ఎరువుగా, పొటాషు బూడిదగా వాడుకోవాలా అన్న వాదోపవాదాలు సంవత్సరాల తరబడి సాగాయి. చివరకు 1936లో బెంగాల్ శాసనసభ గుర్రపు డెక్క చట్టం చేసింది. చట్టమేమన్నది? భూమిని అనుభవిస్తున్నవాడే తన నేలలోని, తన నీటిలోని మొక్కను తొలగించాలన్నది. తొలగించకపోతే శిక్ష. కట్ట వేసి నీటిని ఆపినవారిని పల్లెత్తుమాట అనని చట్టం, ఆ నీటిలో మునిగిన రైతును బోనెక్కించింది. 1937 ఎన్నికలలో గుర్రపు డెక్కను నిర్మూలిస్తామన్న వాగ్దానం ఎన్నికల ప్రణాళికలకు ఎక్కింది. ఊరూరా జనం నీటిలో దిగి పీకారు. మొక్క మాత్రం పోలేదు. కారణాన్ని వదిలి ఫలితాన్ని పీకితే అంతే మరి. కార్మికోద్యమంలో ఉన్న మనకు ఈ పాఠం కొత్తది కాదు. ప్రమాదం జరిగినప్పుడు విధానాన్ని వదిలి, డ్యూటీలో ఉన్న చిన్న ఉద్యోగిమీద ఛార్జిషీటు వేయటం మనం చూస్తూనే ఉన్నాం.

అయితే ఈ కథ నిరాశతో ముగియలేదు. శాస్త్రజ్ఞులు ఓపికగా గావించిన పరిశోధన మరొక మొక్క విషయంలో ఏమి సాధించిందో చెబుతాను. ఇది విని తీరవలసిన కథ. ముఖ్యంగా తపాలా సోదరులకు ఇది చిరునామా కథ.

సాల్వీనియా అనే నీటి ఫెర్న్ ఒకటి ఉన్నది. కేరళలో దానిని ఆఫ్రికన్ పాయల్ అని పిలిచారు. ఆ పేరులోనే చిరునామా తప్పు. అది ఆఫ్రికాది కాదు. శ్రీలంకకు 1939లో కొలంబోలోని విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగం ద్వారా చేరింది. పాఠం చెప్పటానికి తెచ్చిన మొక్క ప్రయోగశాల దాటి చెరువులు, వరిపొలాలు ఆక్రమించింది. కేరళలో కుట్టనాడు కాయళ్లను, వరిచేలను కప్పివేసింది. దానిని అదుపు చేయటానికి, పుట్టింటిలో దానిని తినే పురుగును వెతికి తేవాలని శాస్త్రజ్ఞులు సంకల్పించారు. ఆలోచన సరైనదే. పరాయి మొక్క కొత్త దేశంలో విజృంభించటానికి ఒక ప్రధాన కారణం, దానిని తినే శత్రువులు దాని వెంట రాకపోవటమే. కానీ ఆ మొక్కను దానికి దగ్గరి చుట్టమైన వేరొక సాల్వీనియాగా పొరబడ్డారు. ఆ పొరబాటు పేరును పట్టుకొని పోయి, ఆ చుట్టాన్ని తినే మిడత మొదలైన పురుగులను తెచ్చి 1970 దశకంలో కేరళలోనూ, శ్రీలంకలోనూ వదిలారు. చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. చిరునామా తప్పిన ఉత్తరం ఎంత చక్కని దస్తూరీతో ఉన్నా గమ్యం చేరదు గదా!

1972లో డి.ఎస్. మిచెల్ అనే శాస్త్రజ్ఞుడు ఈ మొక్క వేరే జాతి అని నిర్ధారించి కొత్త పేరు పెట్టాడు. 1978లో ఆస్ట్రేలియా పరిశోధకులు దాని అసలు పుట్టిల్లు ఆగ్నేయ బ్రెజిల్ అని కనుగొన్నారు. అక్కడ దానిని తింటున్న పురుగు రెండు మిల్లీమీటర్ల పొడవుగల ఒక నల్లని ముక్కుపురుగు. విచిత్రమేమంటే దానినీ మొదట మరో జాతిగా పొరబడ్డారు. 1985లో గానీ దానికి సరైన పేరు రాలేదు. ఆ పురుగును 1980లో ఆస్ట్రేలియాలోని మూండరా సరస్సులో వదిలితే, సంవత్సరం పైచిలుకు కాలంలోనే ఆ మొక్కల చాప కుప్పకూలింది. అక్కడినుంచి దానిని మన దేశానికి తెచ్చి, మన పంటలను ముట్టదని పరీక్షలు చేసి నిర్ధారించుకున్న తరువాత 1983 ప్రాంతంలో మొదట బెంగుళూరులోనూ, పిదప కేరళలోనూ వదిలారు. కొద్ది సంవత్సరాలలో కుట్టనాడు నీళ్లు మళ్లీ కనిపించాయి. 1986లో శ్రీలంకలో వదిలారు. అక్కడి లెక్క వేసినవారు, పెట్టిన ప్రతి రూపాయికి 53 రూపాయల ప్రయోజనం, వెచ్చించిన ప్రతి పనిగంటకు 1,675 పనిగంటల ఆదా కలిగినట్లు తేల్చారు. ఇటీవలి కాలంలో మన రైల్వే జంక్షను కట్నీ ప్రాంతంలో సాల్వీనియా నిండిన ఒక చెరువును జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధనా సంస్థవారు ఇదే పురుగుతో విముక్తం చేశారు.

ఈ కథలో గొప్ప యంత్రాలు లేవు, విషపు మందులు లేవు. సరైన పేరు తెలుసుకోవటానికి ఏళ్ల తరబడి శ్రమించిన మనుషులున్నారు. మొక్కల ఆకులను, పురుగుల ముక్కులను భూతద్దంలో చూసి పోల్చటం పనికిమాలిన పాండిత్యమని వెక్కిరించేవారికి కుట్టనాడు రైతు జవాబు చెబుతాడు. జాతులను గుర్తించగల నిపుణుల పోస్టులు ఖాళీగా పడి ఉండటం కూడా ఖాళీల సమస్యే.

గుర్రపు డెక్క విషయంలోనూ ఇదే పంథా అనుసరించారు. దాని పుట్టింటి ముక్కుపురుగులు రెండు రకాలు 1980 దశకం తొలినాళ్లలో మన దేశానికి చేరాయి. పెద్దపురుగు ఆకు పైపొరను గీరి తింటుంది, దాని పిల్లపురుగు కాడలో సొరంగం చేస్తుంది. బెంగుళూరు చెరువులలోనూ, మణిపూర్ లోక్‌తక్ సరస్సులోనూ ఇవి మంచి ఫలితాలు చూపాయి. అయితే అన్నిచోట్లా అంతటి విజయం రాలేదు. ఎందుకు? పట్టణపు మురుగు, పొలాలనుంచి కొట్టుకువచ్చిన ఎరువు నీటిలో నిండుగా ఉన్నప్పుడు, పురుగు తినేదానికంటే వేగంగా మొక్క పెరుగుతుంది. శుద్ధిచేయని మురుగును చెరువులోకి వదిలి, ఆ చెరువులో పురుగును వదలటం ఒక చేత్తో అన్నం పెట్టి మరో చేత్తో కంచం లాగటమే. కాబట్టి గుర్రపు డెక్కను వ్యాధిగానూ చూడాలి, వ్యాధి లక్షణంగానూ చూడాలి. ఆ చాప కింద పురపాలక సంఘాల నిర్లక్ష్యం, కర్మాగారాల యజమానుల లాభాపేక్ష కూడా దాగి ఉన్నాయి.

ఇక చేపల సంగతి. పూర్వం హౌరానుంచి దేశం నలుమూలలకూ చేపపిల్లలు రైలులోనే ప్రయాణం చేసేవి. నదిలో పట్టిన పిల్లలను మట్టికుండలలో పోసి, దారి పొడవునా నీరు మారుస్తూ, చేతితో నీటిని కదిలిస్తూ మనుషులు వెంట వచ్చేవారు. ఆ కుండలు ఎన్నో గ్రామాల చెరువులను నింపి, పేదవాడి కంచానికి చేపముక్క చేర్చాయి. అది గొప్ప సేవ. అయితే నదిలో పట్టిన ఆ కుండలో కోరినవే కాక కోరని జాతుల పిల్లలూ ఉండేవి. సదుద్దేశంతోనూ పొరబాట్లు జరిగాయి. దోమపిల్లలను తింటుందని గంబూసియా చేపను 1928లో ఇటలీనుంచి తెచ్చారు. అది దోమపిల్లలతోపాటు స్థానికమైన చిన్న చేపల గుడ్లనూ పిల్లలనూ తింటుందని తరువాత తెలిసింది. తిలాపియా 1952లో వచ్చింది. దురాశతో జరిగినవి కూడా ఉన్నాయి. థాయ్ మాగుర్ పేరుతో చెలామణి అయ్యే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ చట్టవిరుద్ధంగా దేశంలో ప్రవేశించింది. అది దొరికిన ప్రతి ప్రాణినీ తినే జాతి. కేంద్ర ప్రభుత్వం 2000 సంవత్సరంలో దాని పెంపకాన్ని నిషేధించినా, దొంగచాటు పెంపకం పూర్తిగా ఆగలేదు.

అన్నింటికంటే ఇటీవలిది సక్కర్ చేప. అక్వేరియం గాజుకు అంటిన నాచును శుభ్రం చేస్తుందని పిల్లలకు కొనిపెడతాం. అది పెరిగి తొట్టి చాలకపోతే, చంపటానికి మనసొప్పక కాలువలో వదులుతాం. ఆ జాలి ఎంత నష్టం చేస్తుందో తూర్పు కోల్‌కతా చిత్తడినేలల మత్స్యకారులు చెబుతారు. దాని ఒళ్లంతా కవచం, రెక్కలకు ముళ్లు. వలలో పడితే వల చిరిగిపోతుంది. తినేవాడు లేడు, కొనేవాడు లేడు. గుడ్లు పెట్టటానికి గట్లలో బొరియలు తవ్వుతుంది, గట్లు కూలుతాయి. మన కృష్ణా జిల్లా జాలరులకూ ఇది పరిచయమైపోయింది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు దీనిని పసిగట్టటానికి ఒక కొత్త పద్ధతి రూపొందించారు. ప్రతి ప్రాణీ తాను తిరిగిన నీటిలో జిగురు, పొలుసు, మలం రూపంలో తన జన్యుపదార్థపు జాడ విడుస్తుంది. చేప కంటపడకపోయినా, నీటిని కొద్దిగా వడగట్టి పరీక్షిస్తే అది అక్కడున్నదీ లేనిదీ తెలుస్తుంది. ఆ పరీక్షతో వారు తూర్పు కనుమల జలాశయాలలో సగానికి మించి ఈ చేప చొరబడినట్లు కనుగొన్నారు. నివాసస్థుని చూడకుండానే, తలుపు సందులోని ఉత్తరాలను బట్టి ఇంటిలో ఎవరున్నారో పోస్టుమన్ చెప్పగలిగినట్లున్నది ఈ విద్య.

మిత్రులారా, ఇప్పుడు నా అనుభవంలోని ఒక సంఘటన చెప్పి ఈ విషయం మనకెందుకో వివరిస్తాను. కొన్ని సంవత్సరాల క్రితం వర్షాకాలంలో డెల్టా ప్రాంతంలోని ఒక సెక్షనుకు సంఘం పని మీద వెళ్లాను. ఎగువన వాన కురిసి, కాలువలోని గుర్రపు డెక్క అంతా కొట్టుకువచ్చి ఒక చిన్న వంతెన కానాలలో బిగుసుకున్నది. ఒక పక్క నీరు కట్ట అంచుదాకా లేచింది, మరో పక్క కాలువ అడుగు కనబడుతున్నది. వంతెన నిలవాలంటే కానాలు తెరవాలి. మనం ఇప్పటికీ గ్యాంగ్‌మన్‌లనే పిలుచుకునే ట్రాక్ మెయింటెయినర్లు నలుగురు, కాంట్రాక్టరు మనుషులు ఆరుగురు కొడవళ్లు, గెడలు పట్టుకొని దిగారు. కాళ్లకు బూట్లు లేవు, నడుముకు తాడు లేదు. ఆ పచ్చని చాప చూసేవారికి నేలలాగే ఉంటుంది. కాంట్రాక్టరు మనిషి ఒకడు, ఇరవై ఏళ్లు దాటని కుర్రవాడు, దానిమీద అడుగువేశాడు. అతడు మునగటం మేము చూశాం. పైన ఆకులు మళ్లీ కలుసుకున్నాయి. అతడు ఎక్కడ మునిగాడో గుర్తు కూడా మిగలలేదు. గ్యాంగులోని పెద్దాయన ఒకరు తలపాగా విప్పి గెడకు చుట్టి, ఆకులను చీల్చుకుంటూ చేయి అందించి లాగకపోతే ఆ తల్లికి కొడుకు దక్కేవాడు కాదు. ప్రాణం నిలిచింది, మోకాలు చెడింది. చికిత్స ఖర్చు అడగటానికి పోతే "మస్టరులో పేరు లేదు" అన్నారు. ఆ మాటకు నాకు ఆనాడు జవాబు తోచలేదు. సంఘం తరఫున చందాలు పోగుచేసి ఇచ్చాం. అది పరిష్కారం కాదని నాకు తెలుసు.

ఆ రాత్రి ఆ పెద్దాయన నాతో అన్న మాట ఇది: "అయ్యా, మా చిన్నప్పుడు ఈ కాలువలో ఇది ఇంత ఉండేది కాదు. వాలుగ పడేది, జెల్లలు పడేవి, పరిగెలు బుట్టలకొద్దీ పడేవి. ఇప్పుడు చేపా లేదు, నీరూ పారదు. మీరు చదువుకున్నవారు, ఇదెందుకిట్లా అయ్యిందో చెప్పండి." నేను డిగ్రీ చదువుకున్నవాడిని. చెప్పలేకపోయాను. ఆ సిగ్గే నన్ను ఈ పుస్తకాల వైపు నడిపించింది. ఇవాళ మీముందు నిలబెట్టింది కూడా అదే.

ఇక్కడ ఒక ప్రశ్న ఎవరైనా వేయవచ్చు. పురుగులతో, ముందుజాగ్రత్తలతో ఈ మొక్కను అదుపు చేస్తే, దానిని పీకే కూలీల పని పోదా? న్యాయమైన ప్రశ్నే, దాటవేయకూడదు. తీసిన నెలకే మళ్లీ నిండే కాలువలో, రక్షణ లేకుండా, బురదలో నడుములదాకా దిగి చేసే పని ఎవరికీ శాశ్వతమైన బ్రతుకుతెరువు కాదు. అది కాంట్రాక్టరుకు మాత్రమే శాశ్వతాదాయం. పూడిక తీయటం, తూములు వెడల్పు చేయటం, గట్లు పటిష్ఠం చేయటం, మురుగుశుద్ధి కేంద్రాలు నడపటం, నీటిని పరీక్షించటం ఇవన్నీ పనులే. నిలిచే పనులు. ఆ పనులలో ఆ మనుషులకే మొదటి అవకాశం, మస్టరులో పేరు, సమాన పనికి సమాన వేతనం మనం కోరాలి.

కాబట్టి మన సంఘశాఖలు ఆచరించదగిన కొన్ని అంశాలు సూచిస్తున్నాను. మొదటిది, ప్రతి సెక్షనులోనూ వర్షాకాలానికి ముందు జరిగే తనిఖీలో వంతెన కానాలు, తూములతోపాటు కట్ట పక్క గోతులలోని కలుపు మొక్కలను కూడా నమోదు చేయించాలి. ఏ తూము ఎన్నిసార్లు మూసుకుపోయిందన్న సమాచారం మన కార్మికులవద్ద ఉన్నంతగా ఏ పరిశోధనా సంస్థవద్దా లేదు. దానిని వ్రాసి ఇవ్వటం మన వంతు. రెండవది, నీటిలో దిగే ప్రతి మనిషికీ, అతడు శాశ్వత ఉద్యోగి అయినా కాంట్రాక్టు కూలీ అయినా, బూట్లు, తాడు, తేలే కోటు లేనిదే పని మొదలుపెట్టరాదన్నది మన డిమాండు కావాలి. మూడవది, మన రైల్వే కాలనీల చెరువులలోకి మన క్వార్టర్ల మురుగే పోతున్నదేమో ముందు మనం చూసుకోవాలి. ఇతరులను వేలెత్తి చూపేవాడు తన గడప శుభ్రం చేసుకోవాలి గదా. నాలుగవది, పార్సెలు కార్యాలయాలలో, తపాలా కౌంటర్లలో పనిచేసే సోదర సోదరీమణులు సజీవమైన మొక్కలు, చేపలు, విత్తనాల రవాణాపై ఉన్న నిబంధనలు తెలుసుకోవాలి. పరాయి తెగుళ్లను, పురుగులను అడ్డగించటానికి మన దేశంలో 1914 నుంచీ చట్టమున్నది, 2003లో మొక్కల దిగ్బంధ ఉత్తర్వు వచ్చింది. ఈ విషయంలో మనకు శిక్షణ ఇవ్వవలసిన బాధ్యత శాఖలది. శిక్షణ ఇవ్వకుండా, రేపు ఏదో పార్సెలు దొరికినప్పుడు కౌంటరు గుమాస్తాను దోషిగా నిలబెడితే మనం ఒప్పుకోం. అయిదవది, మీ ఇంటిలో అక్వేరియం ఉంటే, అందులోని చేపనుగానీ మొక్కనుగానీ ఏ కాలువలోనూ, ఏ చెరువులోనూ వదలవద్దు. ఇది మీ పిల్లలకు కూడా చెప్పండి.

చివరిగా ఒక మాట. కార్మికుల బాగోగులు వేరు, నీటిలోని చేపా నాచూ వేరు అనుకునే రోజులు గతించాయి. చేపలు పోయిన ఊళ్లలోని జాలరి కొడుకే నగరానికి వచ్చి కాంట్రాక్టరు కింద కూలీ అవుతున్నాడు. అతడే ఆ రోజు ఆ పచ్చని చాపమీద అడుగువేశాడు. నీరు పారితే కట్ట నిలుస్తుంది, కట్ట నిలిస్తే బండి నడుస్తుంది, బండి నడిస్తే ఉత్తరం చేరుతుంది. ఈ గొలుసులో మొదటి లంకె తెగితే చివరి లంకె చేతిలో పట్టుకొని ప్రయోజనం లేదు. శాస్త్రజ్ఞుని భూతద్దమూ, జాలరి జ్ఞాపకమూ, గ్యాంగ్‌మన్ అనుభవమూ ఒక్కచోట చేరిననాడు ఈ నీళ్లు తిరిగి తేటపడతాయని నా విశ్వాసం. ఆ మూడింటినీ ఒక్కచోట చేర్చగల శక్తి సంఘానికున్నది.

ఆ పెద్దాయన ఇప్పుడు పదవీ విరమణ చేసి స్వగ్రామంలో ఉన్నారు. ఈ ప్రసంగం అచ్చయిన సంచికను ఆయనకు పోస్టులో పంపుతాను. ఆ రాత్రి ఆయన అడిగిన ప్రశ్నకు ఇంతకాలానికి ఇది నా జవాబు. చిరునామా సరిగా వ్రాస్తాను. చేర్చే పూచీ మీది.

 కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!